ఆది ఎవరిది?

జాకెట్టు కుట్టమని ఇచ్చేటప్పుడు గుడ్డతోపాటు ఇంకోటి కూడా ఇస్తాం మనం. ఆది జాకెట్టు. టైలరు ఎంత చెయ్యి తిరిగినవాడైనా ఆది సరిగ్గా లేకపోతే చంకలో పట్టేస్తుంది, భుజం మీంచి జారిపోతుంది. ఈ సంగతి మనలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అయితే ఇదే ఆది తంటా భూమికి నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున వచ్చిపడి, చరిత్రలో నిలిచిపోవలసిన ఒక రోజు వాయిదా పడిందంటే నమ్ముతారా?

2019 మార్చిలో జరిగింది ఇది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అప్పుడు ఆన్ మెక్‌క్లెయిన్, క్రిస్టినా కోచ్ అని ఇద్దరు అమెరికన్ వ్యోమగాములు ఉన్నారు. మార్చి 29న వాళ్ళిద్దరూ కలిసి కేంద్రం బయటికి వచ్చి బ్యాటరీల పని చెయ్యాలి. మగతోడు లేకుండా ఆడవాళ్ళిద్దరే రోదసిలోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి అయ్యేది. దానికి వారం ముందు, మార్చి 22న, మెక్‌క్లెయిన్ మరో సహచరుడితో బయటికి వెళ్ళి వచ్చింది. లార్జి కన్నా మీడియం సైజు పైభాగమే తన ఒంటికి సరిపోతుందని ఆ రోజు పనిచేశాక ఆవిడకి తేలింది. కోచ్‌కి కావలసిందీ మీడియమే. కేంద్రంలో మీడియంలు రెండున్నాయి గానీ, వాడకానికి సిద్ధంగా ఉన్నది ఒక్కటే. రెండోదాన్ని సిద్ధం చెయ్యాలంటే గంటల తరబడి పని. దాంతో మెక్‌క్లెయిన్ ఆగిపోయింది. కోచ్‌తోపాటు నిక్ హేగ్ అనే ఆయన వెళ్ళాడు.

ఆ వార్త చదివి నవ్వుకున్నవాళ్ళు నవ్వుకున్నారు. ఆడవాళ్ళకి అక్కడ కూడా బట్టల గొడవేనా అన్నవాళ్ళూ లేకపోలేదు. నాకు మాత్రం నవ్వు రాలేదు. డిగ్రీలో నేను చదివింది చరిత్ర, సైన్సు కాదు. అయినా ఆ సూట్ అంటే ఏమిటో, దాన్ని ఎలా తయారుచేస్తారో వెతుక్కుని చదివాను. చదివినకొద్దీ ఇది బట్టల గొడవ కాదని తెలిసింది. ఊపిరి గొడవ.

స్పేస్ సూట్‌ని మనం బట్ట అనుకుంటాం గానీ అది నిజానికి ఒక మనిషి పట్టే ఇల్లు. ఇంట్లో మనకేం కావాలి? గాలి, నీళ్ళు, చల్లదనం, దీపం, కబురు చెప్పుకోవడానికి ఫోను. ఇవన్నీ మనిషి ఒంటికి అంటుకుని ఉండేట్టు కట్టాలి. బయట గాలి లేదు. ఎండ పడేవైపు 120 డిగ్రీల సెల్సియస్, నీడవైపు సున్నాకి 150 డిగ్రీలు దిగువ. ఆ రెంటి మధ్యా మనిషి ఆరేడు గంటలు పని చెయ్యాలి. అమెరికా వాళ్ళ సూట్‌లో 14 పొరలుంటాయి. మనిషి లేకుండానే అది భూమ్మీద తూగే బరువు దాదాపు 127 కిలోలు. పైన ఆ బరువు తెలియదు గానీ, అంత సరుకుని కదిలించాలన్నా, కదిలినదాన్ని ఆపాలన్నా శ్రమ పడక తప్పదు.

వీపున మూటలా కనిపిస్తుందే, ప్రాణమంతా అందులోనే ఉంటుంది. ఆక్సిజన్ అక్కణ్ణించే వస్తుంది. వదిలిన ఊపిరి కూడా అక్కడికే వెళుతుంది. ఊపిరాడకపోవడమంటే ఆక్సిజన్ అయిపోవడమే అనుకుంటాం. కానీ అంతకన్నా ముందు మనిషిని పడగొట్టేది మనం వదిలిన బొగ్గుపులుసు గాలే. దాన్ని పీల్చేసుకోవడానికి లిథియం హైడ్రాక్సైడ్ గానీ, వెండితో చేసిన ఒక లోహపు ఆక్సైడ్ గానీ నింపిన డబ్బా పెడతారు. ఈ రెండో రకాన్ని వాడుకున్నాక కేంద్రంలోనే ఒక ఓవెన్‌లో వేడిచేస్తే మళ్ళీ పనికొస్తుంది. ఇదంతా చెడిపోతే ఇంకో 30 నిమిషాలకు సరిపడా ఆక్సిజన్ విడిగా ఉంటుంది. ఆ అరగంటలో లోపలికి వచ్చి పడాలి.

ఇక చల్లదనం సంగతి. అంతరిక్షంలో చలి అనుకుంటాం కదా, సూట్‌లో ఉన్న మనిషికి అసలు బాధ ఉక్కపోత! చుట్టూ గాలి లేదు కాబట్టి ఒంటి వేడి ఎటూ పోదు. మూతపెట్టిన ఇడ్లీపాత్రలో ఉన్నట్టే. అందుకని అన్నిటికన్నా లోపల ఒంటికి అంటుకునే ఒక జాలీ ఉడుపు వేసుకుంటారు. అందులో సన్నటి గొట్టాలు అల్లి ఉంటాయి. మొత్తం పొడవు 91 మీటర్ల పైనే. వాటిలో చల్లటి నీళ్ళు తిరుగుతూ ఒంటి వేడిని మోసుకుపోతాయి. ఆ నీళ్ళని మళ్ళీ చల్లబరిచే తీరు మరీ ముచ్చటైనది. సన్నటి రంధ్రాలున్న లోహపు పలకలోంచి కొంచెం నీటిని బయటి శూన్యంలోకి పంపుతారు. అది అక్కడే గడ్డకట్టి, కర్పూరం హరించినట్టు కరగకుండానే ఆవిరైపోతుంది. పోతూ పోతూ వేడిని పట్టుకుపోతుంది. మన మట్టికూజా చేసేదీ దాదాపు ఆ పనే.

సూట్ లోపలి గాలి ఒత్తిడి భూమ్మీద ఉన్నదానిలో మూడో వంతు కూడా ఉండదు. ఎందుకంటే ఒత్తిడి పెంచితే సూట్ బిర్రబిగిసిపోయి చెయ్యి మడవడం కూడా కష్టం. తగ్గిస్తే ఇంకో ప్రమాదం. గోళీసోడా కొట్టగానే బుడగలు పైకి తన్నుకొచ్చినట్టు, ఒత్తిడి తగ్గగానే మన రక్తంలో ఉన్న నైట్రోజన్ బుడగలు కడుతుంది. అందుకే బయటికి వెళ్ళేముందు వాళ్ళు చాలాసేపు ఒట్టి ఆక్సిజన్ పీల్చి నైట్రోజన్‌ని వదిలించుకుంటారు.

ఈ ఒత్తిడి ఏం చేస్తుందో ప్రపంచానికి మొదట చూపించినవాడు అలెక్సీ లియొనోవ్. 1965 మార్చి 18న మొట్టమొదటిసారి నౌక బయటికి వచ్చి, పన్నెండు నిమిషాలు తేలాడు. అంతలో సూట్ బెలూన్‌లా ఉబ్బిపోయింది. వేళ్ళు గ్లవుజుల్లోంచి, పాదాలు బూట్లలోంచి వెనక్కి జారిపోయాయి. లోపలికి పట్టడం కష్టమైపోయింది. ఇక గత్యంతరం లేక సూట్‌లో గాలి కొంచెం కొంచెంగా వదిలేసుకుని, ప్రాణాలకు తెగించి లోపలికి దూరాడు. సూట్ ఒంటికి సరిపోవడమంటే చూడ్డానికి బాగుండడం కాదని ఆ రోజే తెలిసింది.

తర్వాత చంద్రుడి మీద నడవడానికి సూట్లు కావలసివచ్చాయి. అమెరికాలో విమానాల సరంజామా చేసే సంస్థలు కూడా పోటీకి వచ్చాయి. 1965లో చివరికి నెగ్గింది ఎవరనుకున్నారు? ఆడవాళ్ళ లోదుస్తులు తయారుచేసే ప్లేటెక్స్ బ్రాండ్ వాళ్ళ సోదర సంస్థ! రబ్బరు పాలలో ముంచిన పల్చటి నైలాన్‌ని ఒంటికి పట్టేట్టు, అయినా సాగేట్టు చెయ్యడం వాళ్ళకి తెలిసిన విద్య. భుజం, మోచెయ్యి, మోకాలు మడవడానికి పనికొచ్చింది ఆ విద్యే. డెలవేర్ రాష్ట్రంలోని డోవర్ ఊళ్ళో ఎలినార్ ఫోరేకర్ లాంటి దర్జీ మహిళలు మామూలు కుట్టుమిషన్ల మీదే ఆ పొరలన్నీ కుట్టారు. కుట్టు వెంట్రుకవాసి పక్కకి పోయినా ఊరుకునేవారు కాదు. పొరల మధ్య గుండుసూది ఏదైనా మరిచిపోయారేమోనని సూట్లకి ఎక్స్‌రే తీసేవారు. ఒక్క గుండుసూది మనిషి ప్రాణం తియ్యగలదు మరి. 1969లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు పెట్టాడని బళ్ళో వల్లెవేశాం. ఆ కాలికి తొడుగు కుట్టినవాళ్ళ సంగతి మన పాఠంలో లేదు.

ఇక్కడే నాకు చిత్రంగా తోచేది. కుట్టింది ఆడవాళ్ళు. ఆది మాత్రం మగవాళ్ళది. అప్పట్లో అందులో తప్పేమీ లేదు, వెళ్ళేవాళ్ళంతా మగవాళ్ళే. నాసా మొదటిసారి ఆరుగురు స్త్రీలని వ్యోమగాములుగా ఎంచుకున్నది 1978లో. 1983లో శాలీ రైడ్ మొదటి ప్రయాణానికి సిద్ధమవుతుంటే, వారం రోజులకి నూరు టాంపాన్లు సరిపోతాయా అని అక్కడి ఇంజనీర్లు అడిగారట. ఆవిడే తర్వాత చెప్పింది. పాపం, రాకెట్ లెక్కలన్నీ కట్టగలవాళ్ళే. ఇంట్లో భార్యనో, అక్కచెల్లెళ్ళనో అడిగి ఉంటే సరిపోయేది కదూ!

1970లలో రూపుదిద్దుకున్న కొత్త సూట్ వేరే పద్ధతిలో తయారైంది. అపోలో నాడు ఒక్కొక్కరి కొలతలకి ఒక్కో సూట్ కుట్టారు. ఇప్పుడు అలా కాదు. పైభాగం, చేతులు, కాళ్ళు విడివిడిగా సైజులవారీగా చేసి, కావలసినవి జోడించుకోవాలి. పైభాగం గట్టి ఫైబర్‌గ్లాస్ చట్రం. వీపు మూట దానికే బిగిస్తారు. అందుకే దాన్ని కుట్టు విప్పి బిగించినట్టు బిగించడం కుదరదు. భుజాల దగ్గర చేతులు తిరిగే గుండ్రటి కీళ్ళు ఎంత దూరంలో ఉంటే అంతే. చిన్న ఒళ్ళు గల మనిషి పెద్ద చట్రంలో దూరితే, చేతులు ముందుకి సరిగ్గా రావు. ప్రతి కదలికకీ భుజం చట్రానికి కొట్టుకుంటుంది. అసలే ఆ గ్లవుజుల్లో పిడికిలి బిగించడమంటే గాలి నింపిన బంతిని నొక్కడమే. ఆరు గంటలు అదే పని. గోళ్ళు ఊడినవాళ్ళున్నారు, భుజాలకి ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళున్నారు. సరిపోయిన సూట్‌లోనే ఇంత అవస్థ అయితే, సరిపోనిదానిలో?

మొదట అనుకున్నప్పుడు చిన్నవి, మరీ చిన్నవి కూడా అనుకున్నారు. ఖర్చు తగ్గించుకోవలసిన రోజు వచ్చేసరికి ముందుగా పక్కకి జరిగినవి అవే. అంతరిక్ష కేంద్రానికి మిగిలినవి మీడియం, లార్జి, ఎక్స్‌ట్రా లార్జి. ఆ వీపు మూటలు మొత్తం 18 తయారైతే, 2017లో ఆడిట్ చేసేనాటికి పనికొచ్చేవి 11 మాత్రమే మిగిలాయి. ఉన్నవాటితోనే నెట్టుకొస్తున్నారు. ఈ నేపథ్యంలో చూస్తే 2019 మార్చి నాటి సంగతి ఆశ్చర్యమేమీ కాదు.

“గుప్పెడుమంది ఆడవాళ్ళ కోసం కోట్లు ఖర్చు పెట్టి చిన్న సూట్లు చెయ్యాలా?” అనేవారుంటారు. న్యాయమైన ప్రశ్నలాగే వినిపిస్తుంది. కానీ ఆ గుప్పెడుమందే ఎందుకున్నారో కూడా అడగాలి కదా! సూట్ సరిపోనివాళ్ళకి బయటి పని ఇవ్వరు. బయటి పని చెయ్యలేనివాళ్ళని పంపడానికి వెనకాడతారు. వెళ్ళినవాళ్ళు తక్కువ కాబట్టి చిన్న సూట్లు అక్కర్లేదంటారు. చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే.

అవకాశం ఇస్తే ఏం చేస్తారో చూశాం కూడా. 1984 జులై 25న స్వెత్లానా సావిత్‌స్కాయా అనే రష్యన్ మహిళ సాల్యూత్-7 బయటికి వచ్చి మూడున్నర గంటలు వెల్డింగ్ పని చేసింది. రోదసిలో నడిచిన తొలి మహిళ ఆవిడే. 2019 అక్టోబరు 18న, రెండో మీడియం కూడా సిద్ధమయ్యాక, క్రిస్టినా కోచ్, జెస్సికా మెయర్ ఇద్దరూ కలిసి ఏడు గంటల 17 నిమిషాలు బయట పని చేసి వచ్చారు. మన గుజరాతీ తండ్రి కూతురు సునీతా విలియమ్స్ 2025 జనవరి నాటికి తొమ్మిదిసార్లు బయటికి వెళ్ళి, మొత్తం 62 గంటల ఆరు నిమిషాలు పని చేసి ఆడవాళ్ళలో రికార్డు నెలకొల్పింది.

సూట్ గురించి చదువుతుంటే నన్ను ఆపేసిన ఇంకో సంగతి ఉంది. 2013 జులై 16న లూకా పర్మిటానో అనే ఇటలీ వ్యోమగామి బయట పని చేస్తుండగా తల వెనక తడి తగిలింది. నీళ్ళు పెరుగుతూ వచ్చి ముక్కు, కళ్ళు, చెవులు కమ్మేశాయి. పైన నీళ్ళు కిందకి కారవు కదా, ముఖానికే అంటుకుపోతాయి. చూపూ మాటా సరిగ్గా అందని స్థితిలో, తాడు పట్టుకుని తడుముకుంటూ లోపలికి చేరాడు. అంతరిక్షంలో మునిగిపోవలసిన మనిషి! చల్లబరిచే నీళ్ళు మురికి అడ్డుపడి గాలి దారిలోకి మళ్ళడమే కారణమని తర్వాత తేలింది. అయితే అంతకు వారం ముందు కూడా అదే సూట్‌లో నీళ్ళు కనిపించాయి. తాగేనీళ్ళ సంచీ కారిందనుకుని ఊరుకున్నారు. ఇంట్లో ఒంట్లో బాగాలేదని మనం చెప్పినప్పుడు “ఏదో పని ఎక్కువై ఉంటుందిలే” అని తోసేసినట్టే! వేసుకున్న మనిషి చెప్పినదాన్ని చివరిదాకా వినడం కూడా సూట్ తయారీలో భాగమే. ఇప్పుడు హెల్మెట్‌లో తడి పీల్చే మెత్త, ఊపిరికి ఒక గొట్టం అదనంగా పెడుతున్నారు. ఈ పాఠం నేర్పడానికి ఒక ప్రాణం అంచుదాకా వెళ్ళిరావలసివచ్చింది.

అంతరిక్షం గొడవ మనకెందుకు, పాల ధర, పిల్లల ఫీజులు చాలవా అంటారేమో. మా వంటింటి గట్టునే తీసుకోండి. కట్టినాయన తన నడుం ఎత్తుకి కట్టి వెళ్ళిపోయాడు. రోజూ దాని ముందు నిలబడేది నేను. పదకొండేళ్ళుగా పీట వేసుకుని పప్పు రుబ్బుకుంటున్నాను. కట్టేముందు “అమ్మా, మీరు ఒకసారి ఇక్కడ నిలబడండి” అని అడిగితే నిమిషం పట్టేది. 2020లో కోవిడ్ వార్డుల్లో మన నర్సులు వదులు కిట్లలో, మూత్రానికి కూడా వెళ్ళలేక గంటల తరబడి ఎలా పని చేశారో చూశాం. గట్టు అయినా, కిట్ అయినా, స్పేస్ సూట్ అయినా జరిగింది ఒకటే. ఎవరు వాడతారో వాళ్ళని అడక్కుండా కొలత తీసేసుకున్నారు. తర్వాత ఆ కొలతకి సరిపోలేదని వాడేవాళ్ళని తప్పుపట్టారు.

మన దేశం ఇప్పుడు ఈ దారిలోకి వచ్చింది కాబట్టే ఇదంతా రాస్తున్నాను. మనుషుల్ని పంపే గగన్‌యాన్‌కి మన శ్రీహరికోటే గుమ్మం. 2018లో బెంగుళూరు ప్రదర్శనలో తిరువనంతపురం విక్రమ్ సారాభాయ్ కేంద్రం చేసిన నారింజరంగు సూట్‌ని ఇస్రో చూపించింది. 2020లో రష్యాలోని జ్వెజ్దా సంస్థ మనవాళ్ళ కోసం సూట్లు కుట్టడం మొదలుపెట్టింది. ఇవి నౌక లోపల వేసుకునేవి, వీపు మూట ఉండదు. అలాగని చిన్నచూపు చూడకూడదు. 1971 జూన్ 30న సోయజ్-11లో తిరిగి వస్తున్న ముగ్గురు రష్యన్లు ఒక కవాటం తెరుచుకుని, గాలి పోయి చనిపోయారు. వాళ్ళ ఒంటి మీద సూట్లు లేవు.

2024 ఫిబ్రవరిలో గగన్‌యాన్‌కి ఎంపికైన నలుగురి పేర్లు ప్రకటించారు. నలుగురూ మగవాళ్ళే. వైమానిక దళంలో టెస్ట్ పైలట్లనే తీసుకోవడం వల్ల అలా అయిందన్నారు. అర్థం చేసుకోగలం. వాళ్ళ కన్నా ముందు మనుషులు లేని నౌకలో వెళ్ళడానికి ఒక మరబొమ్మని కూడా తయారుచేశారు. 2020లో అందరికీ చూపించారు. పేరు వ్యోమమిత్ర. ఆడరూపం. బొమ్మకైతే ఆడరూపం ఇచ్చాం, సంతోషం. బొమ్మకి ఊపిరి అక్కర్లేదు కదా! ఊపిరి పీల్చే ఆడపిల్ల కోసం సూట్ ఎప్పుడు సిద్ధం చేస్తాం?

2035 నాటికి మన సొంత అంతరిక్ష కేంద్రం కట్టాలని, 2040 నాటికి చంద్రుడి మీద మనిషిని దింపాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. కేంద్రం అన్నాక బయటికి వెళ్ళి మరమ్మతులు చెయ్యక తప్పదు. అంటే వీపు మూట ఉన్న సూట్ మనకీ కావాలి. దాని చట్రం ఇంకా ఖరారు కాకముందే, ఐదడుగుల ఆడపిల్ల కూడా అందులో పట్టాలని కాగితం మీద రాసుకోవాలి. అమెరికా అనుభవం చెప్పేది ఇదే. ముందు రాసుకుంటే పెద్ద ఖర్చు కాదు, తర్వాత కలపాలంటే తరం పడుతుంది. వాళ్ళు కూడా ఇప్పుడు మేలుకున్నారు. 2019లో నాసా చూపించిన కొత్త నమూనాని చాలా చిన్న ఒళ్ళు గల స్త్రీ మొదలుకుని చాలా భారీ పురుషుడిదాకా అందరికీ సరిపోవాలన్న లెక్కతో చేశారు. ఆ పని వెనక ఎమీ రాస్ అనే మహిళా ఇంజనీరు ఉంది. దాని ఆధారంగా చంద్రుడి కోసం ఆక్సియమ్ సంస్థ చేస్తున్న సూట్‌కి, బట్టల సంగతి తెలిసిన ఇటలీ ప్రాడా వాళ్ళు చెయ్యి కలిపారు. ఎంఐటీలో డేవా న్యూమన్ అనే ప్రొఫెసరు, గాలి నింపడానికి బదులు ఒంటిని బిగుతుగా పట్టి ఒత్తిడి ఇచ్చే సూట్ కోసం ఏళ్ళ తరబడి కృషి చేసింది.

మనకి ఇంజనీర్లకి కరువు లేదు. ఇస్రోలో పెద్ద బాధ్యతల్లో ఆడవాళ్ళు ఉన్నారు. కుట్టుపని తెలిసిన చేతులకి అసలే కరువు లేదు. పిల్ల కుట్టుమిషన్ ముందు కూర్చుంటే “చదువు మానేసి అదేం పని?” అని కసురుతాం. ఫిజిక్స్ చదువుతానంటే “ఆడపిల్లకి అంత కష్టమైనది ఎందుకు?” అంటాం. ఈ రెండూ ఒకే పిల్ల చేతిలో కలిస్తే ఏమవుతుందో స్పేస్ సూట్ చెబుతోంది. ఇవాళ పదో తరగతి చదువుతున్న అమ్మాయికి 2035 నాటికి పాతికేళ్ళకి అటూ ఇటూ ఉంటాయి. ఆ సూట్ గీసేది తనే కావచ్చు, కుట్టేది తనే కావచ్చు, వేసుకుని బయటికి అడుగుపెట్టేదీ తనే కావచ్చు.

ఆ రోజు వచ్చినప్పుడు “నీ సైజు లేదమ్మా” అని ఆ పిల్లకి ఎవరూ చెప్పకూడదు. అందుకు కావలసిన ఆది ఇప్పుడే ఇవ్వాలి. ఇవ్వడానికి మనం ఉన్నాం. అడగమనే మన మాట.